కాప్సైసిన్ పేరు వెనుక

గుంటూరు మిర్చి యార్డు పక్కగా వెళ్ళేవారిని తుమ్మించే ఘాటుకు మూలమైన కాప్సైసిన్ అనే రసాయనానికి ఆ పేరు మిరప ప్రజాతి నామమైన కాప్సికమ్ నుంచి వచ్చింది. 1816లో బుఖోల్జ్ అనే జర్మన్ రసాయనవేత్త దానిని అశుద్ధరూపంలో వేరుచేసి కాప్సిసిన్ అనగా, 1876లో దాదాపు శుద్ధంగా రాబట్టిన జాన్ థ్రెష్ నేటి పేరు పెట్టాడు. చివరి ‘ఇన్’ రసాయనవేత్తలు అలవాటుగా తగిలించే ప్రత్యయమే.

అసలు చిక్కు కాప్సికమ్ దగ్గర ఉంది. పెట్టె అనే అర్థంగల లాటిన్ ‘కాప్సా’ దానికి మూలమని కొందరు, గబుక్కున మింగడాన్ని చెప్పే గ్రీకు ‘కాప్టో’ అని మరికొందరు అంటారు. కారం తిన్న నాలుక గ్రీకు వైపే మొగ్గుతుందేమో గాని, బోలుకాయను చీల్చి చూసినప్పుడు నాకు లాటిన్ పెట్టే సబబనిపిస్తుంది. పైగా ఘాటు పుట్టేది, చాలామంది అనుకున్నట్లు గింజల్లో కాదు, వాటిని పట్టి ఉంచే లోపలి తెల్లని కండలో.