వానలెక్క యాప్: ఉదయం ఎనిమిదిన్నర కోసం మూడు నెలల పని

విజయనగరంలో మా డాబా మీద వర్షమాపకం పెట్టి ఇది మూడో వానాకాలం. కొన్నది కాదు, ఇంట్లో తయారు చేసుకున్నదే. 16 సెంటీమీటర్ల వ్యాసమున్న ప్లాస్టిక్ గరాటు, దాని కింద అయిదు లీటర్ల నూనె డబ్బా. గరాటు వైశాల్యం దాదాపు 201 చదరపు సెంటీమీటర్లు కాబట్టి డబ్బాలో 20 మిల్లీలీటర్ల నీరు చేరితే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. చిన్న సీసా చాలదా అని అడిగేవారికి నా జవాబు ఒకటే. వాతావరణ శాఖ ఒక రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం అంటుంది. అయిదు లీటర్ల డబ్బా నిండడానికి 248 మిల్లీమీటర్లు పడాలి. తుపాను వచ్చిన రోజు కొలత పొంగి పోకూడదు. మనకు కావలసింది అసలు ఆ రోజు లెక్కే.

నిరుటి నుంచి మరో నలుగురు కలిశారు. బొబ్బిలిలో మామయ్య, చీపురుపల్లిలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు, గజపతినగరంలో, ఆమదాలవలసలో స్నేహితురాళ్లు. అయిదు ఇళ్లలోనూ ఒకే కొలత గరాట్లు. మా ఇంటి మీద దంచి కొట్టిన మబ్బు చీపురుపల్లి చేరకముందే ఖాళీ అయిపోయిన రోజులు ఎన్నో చూశాను. నారుమడి ముందు కూర్చున్న రైతుకు జిల్లా సగటుతో పనేముంటుంది? తన ఊళ్లో ఎంత పడిందన్నదే లెక్క. అందుకే నాకు ఈ పని మీద ఇంత పట్టుదల.

అయితే అందరం ఒకే సమయానికి కొలవాలి. మన దేశంలో వర్షపాతానికి రోజంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. ఆ 24 గంటల వానను కొలిచిన రోజు తేదీ కింద రాస్తారు. ఎనిమిదిన్నరకు తీయాల్సిన నీళ్లు తొమ్మిదిన్నరకు తీస్తే, ఆ గంటలో పడిన జల్లు ఒక రోజు ముందు ఖాతాలోకి వెళ్లిపోతుంది. నిరుడు కాగితాల మీద రాసుకున్నప్పుడు ఇలాంటి పొరపాట్లు చాలా దొర్లాయి. ఈ వేసవి సెలవుల్లో ఆండ్రాయిడ్ యాప్ రాయడం మొదలుపెట్టింది అందుకే. అది తెర వెనక చేయాల్సిన పనులు రెండే: రోజూ 8:30కి గుర్తు చేయడం, రాసిన కొలతలను అందరికీ ఉమ్మడిగా ఉన్న పట్టికకు పంపడం.

మే 24

రెండు పనులకూ వర్క్‌మేనేజర్‌నే వాడాను. గూగుల్ ఇచ్చే ఈ లైబ్రరీ మనం అప్పగించిన పనులను తన డేటాబేస్‌లో రాసుకుంటుంది కాబట్టి ఫోను ఆపి మళ్లీ వేసినా అవి పోవు. ఇప్పటి నుంచి రేపు 8:30 దాకా ఎన్ని నిమిషాలో లెక్కకట్టి మొదటి ఆలస్యంగా ఇచ్చాను, ఆ తరవాత 24 గంటలకొకసారి అన్నాను. పరీక్ష కోసం అయిదు నిమిషాలకొకసారి అని రాస్తే మాట వినలేదు. ఆవర్తన పనికి, అంటే పదేపదే నడిచే పనికి, కనీస వ్యవధి 15 నిమిషాలు. అంతకంటే తక్కువ ఇస్తే అదే 15కు మార్చేసుకుంటుంది, లాగ్‌లో ఒక హెచ్చరిక మాత్రం రాస్తుంది. ఈ సంగతి తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది.

జూన్ 9

అయిదుగురి ఫోన్లలో పెట్టి పది రోజులైంది. పెట్టేముందు చేసిన ఒక మంచి పని, గుర్తు చేసిన ప్రతిసారీ రెండు సమయాలు రాసిపెట్టించడం: ఎప్పుడు మోగాలి, నిజంగా ఎప్పుడు మోగింది. ఈ పట్టిక లేకపోతే తరవాత జరిగినదేదీ నాకు అర్థమయ్యేది కాదు. ఇలాంటి యాప్ రాసేవారెవరైనా మొదటి రోజే దీన్ని పెట్టుకోవాలి.

నా ఫోనులో మొదటి రోజు 8:30, రెండో రోజు 8:37, నాలుగో రోజు 8:52, పదో రోజు 9:41. ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. కారణం వెతికితే దొరికింది. వర్క్‌మేనేజర్ తరవాతి 24 గంటలను గడియారం చూసి లెక్కపెట్టదు, కిందటిసారి పని ముగిసిన క్షణం నుంచి లెక్కపెడుతుంది. ఒక రోజు ఏడు నిమిషాలు ఆలస్యమైతే ఆ ఏడు నిమిషాలు మర్నాటికి అప్పుగా చేరతాయి.

మాస్టారి ఫోనులో మరో రకం. 9:10, 8:31, 10:05, 8:48, ఏ వరసా లేదు. ఫోను చేసి అడిగాను. ఆయన తెల్లవారుజామున లేచి ఫోనును బల్ల మీద వదిలి నడకకు వెళతారు, తిరిగొచ్చాక మొక్కలకు నీళ్లు, స్నానం, పూజ. "సరిగ్గా నేను ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడే గుర్తు చేస్తోందమ్మా. అంతదాకా చప్పుడు లేదు" అన్నారు. అర్ధగంట సేపు ఆండ్రాయిడ్ పత్రాలు చదివినా తట్టని విషయం ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. ఆయన ఫోను డోజ్‌లో ఉంది.

2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన ఏర్పాటు ఇది. ఛార్జింగ్‌లో లేని ఫోను, తెర ఆరిపోయి, కదలకుండా చాలాసేపు పడి ఉంటే గాఢ నిద్రలోకి వెళుతుంది. యాప్‌ల తెరవెనక పనులన్నీ వాయిదా పడతాయి. మధ్యమధ్య కొద్దిసేపు కళ్లు తెరిచి పేరుకున్నవన్నీ ఒకేసారి చేయిస్తుంది. ఫోను ఎంతసేపు కదలకపోతే ఆ తెరుచుకోవడాల మధ్య ఎడం అంత పెరుగుతుంది. దీనికి తోడు ఆండ్రాయిడ్ 9 నుంచి మనం ఏ యాప్‌ను ఎంత తరచుగా వాడతామో చూసి వాటిని తరగతులుగా విడగొడుతుంది. కింది తరగతుల వాటి పనులు మరింత వాయిదా పడతాయి. రోజుకు ఒక్కసారి అర నిమిషం తెరిచే వానలెక్క లాంటిది పై తరగతిలో నిలవడం కష్టం. బ్యాటరీ కోసం ఇదంతా సరైన పనే. తప్పు నాది. గడియారానికి కట్టుబడాల్సిన పనిని, ఎప్పుడో ఒకప్పుడు జరిగితే చాలనుకునే పనుల బుట్టలో వేశాను.

జూన్ 15

రెండు పనులనూ విడదీశాను. పంపే పని వర్క్‌మేనేజర్‌లోనే ఉంది. గుర్తు చేసే పని ఆండ్రాయిడ్‌లో అలారాలు చూసుకునే అలారంమేనేజర్‌కు ఇచ్చాను. అందులో డోజ్‌ను దాటి కచ్చితమైన సమయానికి మోగే అలారం ఉంది, సెట్‌ఎగ్జాక్ట్‌అండ్‌అలోవైల్‌ఐడిల్ అని పొడుగాటి పేరు. అది ఒక్కసారే మోగుతుంది. పదేపదే మోగే అలారం వేరే ఉంది కానీ ఆండ్రాయిడ్ 4.4 నుంచి అది కచ్చితమైనది కాదు. కాబట్టి మోగిన ప్రతి అలారం మర్నాటి అలారాన్ని తానే పెట్టుకోవాలి. ఇక్కడ వరస ముఖ్యం: మోగగానే ముందు రేపటిది పెట్టాలి, ఆ తరవాతే నోటిఫికేషన్ చూపించాలి. మొదట తిరగేసి రాశాను. నోటిఫికేషన్ దగ్గర యాప్ ఒకసారి కూలిపోగానే గొలుసు తెగి, ఇక ఏ రోజూ మోగలేదు.

రేపటి సమయాన్ని లెక్కకట్టేటప్పుడు ఇప్పటి క్షణానికి 24 గంటలు కలపలేదు. రేపటి తేదీ తీసుకుని దానికి 8:30 తగిలించాను. ఇవాళ కొన్ని సెకన్లు ఆలస్యమైనా రేపటికి అప్పు ఉండదు.

8:40 లోపు కొలత రాయకపోతే మరోసారి గుర్తు చేస్తుంది. ఆ పది నిమిషాలు ఊరికే ఎంచుకున్నవి కావు. ఇలాంటి అలారాలు ఒక యాప్‌కు తొమ్మిది నిమిషాలకు ఒకటి కంటే ఎక్కువ మోగవని ఆండ్రాయిడ్ పత్రాల్లో ఉంది.

ఇక అనుమతులు. ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన అలారానికి ప్రత్యేక అనుమతి కావాలి. 14లో కొత్తగా వేసుకున్న యాప్‌లకు అది మొదట నిరాకరించి ఉంటుంది. వాడేవారే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వాలి. అడగకుండానే దొరికే మరో అనుమతి ఉంది కానీ అది గడియారం, క్యాలెండర్ యాప్‌ల కోసం. నేను మొదటిదే తీసుకున్నాను. యాప్ తెరవగానే అనుమతి ఉందో లేదో చూసి, లేకపోతే తెలుగులో రెండు వాక్యాల్లో కారణం చెప్పి ఆ పేజీకే తీసుకెళుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపడానికీ అనుమతి అడగాలి. గజపతినగరంలో అలారం రోజూ సరిగ్గానే మోగింది, తెర మీద మాత్రం ఏమీ కనిపించలేదు. పట్టికలో రెండు సమయాలూ సరిగ్గా ఉండడం వల్ల అసలు లోపం ఎక్కడో వెంటనే తెలిసింది.

జూన్ 28

బొబ్బిలి మామయ్యకు ఒక్కరోజూ మోగలేదు. ఆయన రాత్రి పదింటికి ఫోను పూర్తిగా ఆపేసి పొద్దున ఏడింటికి వేస్తారు, ఇరవై ఏళ్ల అలవాటు. ఫోను ఆపితే అలారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వర్క్‌మేనేజర్ లాగా అలారంమేనేజర్ ఏదీ గుర్తుపెట్టుకోదు. ఫోను మళ్లీ మొదలైనట్టు వచ్చే సంకేతాన్ని అందుకుని అలారాన్ని తిరిగి పెట్టే చిన్న రిసీవర్ రాశాను. మర్నాడే సరిపోయింది. మామయ్య అలవాటు మార్చుకోమని చెప్పడం నాకు ఇష్టం లేదు. యాప్ ఉన్నది ఆయన కోసం.

జూలై 12

పంపే పని సంగతి. ఉమ్మడి పట్టికలో ఆమదాలవలస కొలత ఒకే రోజుకు నాలుగుసార్లు కనిపించింది. నెల మొత్తం చూస్తే శ్రీకాకుళం వైపు వరదలు రావాలి! యాప్ తెరిచిన ప్రతిసారీ నా కోడు కొత్త ఆవర్తన పనిని వరసలో చేర్చుతోంది. పాతవి చెరిగిపోవు కాబట్టి పదకొండు పనులు సమాంతరంగా నడుస్తున్నాయి.

సవరణ రెండు చోట్ల చేశాను. మొదటిది ఫోనులో: పనికి ఒక పేరు పెట్టి, ఆ పేరుతో ఒక్కటే ఉండేలా చేర్చడం. అదే పేరుతో ఇప్పటికే పని ఉంటే ఏం చేయాలో కూడా మనమే చెప్పాలి. కీప్ అంటే పాతదాన్నే ఉంచుతుంది. నేను వ్యవధిని గంట నుంచి ఆరు గంటలకు మార్చినప్పుడు కీప్ వల్ల అందరి ఫోన్లలో గంటే మిగిలిపోయింది. వర్క్‌మేనేజర్ 2.8 నుంచి వచ్చిన మరో ఎంపిక, అప్‌డేట్ అంటే కొత్త వివరాలు తీసుకుంటుంది, వరసలో ఉన్న స్థానాన్ని చెడగొట్టదు. ఇప్పుడు అదే వాడుతున్నాను.

రెండోది అంతకంటే ముఖ్యం. పట్టికలో ప్రతి కొలతకూ ఇల్లు, తేదీ కలిపి గుర్తుగా పెట్టాను. ఒకే కొలత పదిసార్లు వచ్చినా అదే గడి మీద మళ్లీ రాయబడుతుందే తప్ప కొత్త వరస పుట్టదు. పంపాక జవాబు అందేలోపే సిగ్నల్ పోతే ఫోను మళ్లీ పంపుతుంది, పంపాలి కూడా. కాబట్టి రెండోసారి రావడాన్ని ఆపడం కంటే, వచ్చినా హాని లేకుండా చూసుకోవడమే నమ్మదగిన దారి.

కొలత రాసిన వెంటనే ఒకసారి పంపే పని వరసలో చేరుతుంది. మిగిలిపోయినవి ఏరడానికి ఆరు గంటలకొకసారి నడిచే పని. రెండింటికీ నెట్ ఉండాలన్న షరతు. నెట్ ఉన్నా పట్టిక జవాబు ఇవ్వకపోతే మళ్లీ ప్రయత్నించమని చెబుతాను. 30 సెకన్లతో మొదలై ప్రతిసారీ ఎడం రెట్టింపవుతుంది, అయిదు గంటలు దాటదు. ఆవర్తన పని విఫలమైందని చెప్పినా అది ఆగిపోదు, తరవాతి వంతుకు మళ్లీ నడుస్తుంది. ఇది తెలియక కొన్ని రోజులు అనవసరంగా భయపడ్డాను.

జూలై 27

ఇంకా పూర్తిగా తెగని చిక్కు ఒకటి ఉంది. ఆమదాలవలస ఫోను కంపెనీ బ్యాటరీ ఆదా పేరుతో సొంత కత్తెర ఒకటి పెట్టింది. ఇటీవలి యాప్‌ల జాబితా నుంచి వానలెక్కను పక్కకు తోయగానే దాన్ని బలవంతంగా ఆపేస్తుంది. అలా ఆగిన యాప్ అలారాలు, పనులు అన్నీ పోతాయి. మనిషి మళ్లీ తెరిచేదాకా ఏదీ కదలదు. కోడులో దీనికి మందు లేదు. ఆ ఫోను సెట్టింగ్స్‌లో యాప్ దానంతటది మొదలయ్యేందుకు అనుమతి ఇప్పించి, బ్యాటరీ ఆంక్ష తీయించాను. యాప్ మొదటి తెర మీదే "తరవాతి అలారం: రేపు 8:30" అని కనిపించేలా చేశాను. ఆ వరస ఖాళీగా కనిపిస్తే నాకు చెప్పమన్నాను.

డోజ్‌ను ఇంట్లోనే పరీక్షించే పద్ధతి, కావలసినవారికి: ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్‌లో ముందు 'డంప్‌సిస్ బ్యాటరీ అన్‌ప్లగ్', తెర ఆర్పి, ఆ తరవాత 'డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్'. పని అయ్యాక 'డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ అన్‌ఫోర్స్', 'డంప్‌సిస్ బ్యాటరీ రీసెట్' మరిచిపోవద్దు. లేకపోతే ఛార్జింగ్ పెట్టినా ఫోను ఎక్కనట్టే చూపిస్తుంది.

ఆగస్టు 18

మూడు వారాల పట్టిక ముందుంది. అయిదు ఇళ్లు, 105 ఉదయాలు. 101 సార్లు 8:30కే మోగింది. తప్పిన నాలుగూ ఆమదాలవలసవే. మాస్టారి ఫోను ఇప్పటికీ బల్ల మీదే ఉంటోంది. 8:30కి గంట వినిపించి పూజ గదిలోంచి వచ్చి డబ్బా చూస్తున్నానని ఆయన చెప్పినప్పుడు చాలా సంతోషించాను.

అక్టోబరు రాకముందు ఒక్కటి తేల్చుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక శ్రీకాకుళం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటి వారంలో కొలిచినవి దారిలో పోకూడదు. మా ఇంటి ఫోనును మూడు రోజులు విమానం మోడ్‌లో పెట్టి, మధ్యలో రెండుసార్లు ఆపి వేసి, రోజూ కొలత రాశాను. నిన్న రాత్రి నెట్ ఇచ్చిన నిమిషంలోపే మూడు వరసలూ పట్టికలో తమ తమ తేదీల కింద చేరాయి. ఈ శనివారం బొబ్బిలి వెళ్లి మామయ్య ఫోనులో వారం రోజుల పరీక్ష మొదలుపెడతాను.