నాయన ఎడమ చెయ్యి

తిరుమల ఘాట్ రోడ్డులో మలుపు వచ్చిన ప్రతిసారీ నాయన ఎడమ చెయ్యి కదులుతోంది. లేని గేరు మారుస్తోంది! ఎలక్ట్రిక్ బస్సులో గేర్లెక్కడివి? ఏళ్ల తరబడి ఇదే కొండ మీద ఆర్టీసీ బస్సు తోలిన చెయ్యి మరి, ఊరుకోలేదు.

"ఏ డిపో అబ్బయ్యా?" అని డ్రైవర్‌ను అడిగాడు.

"అలిపిరే సార్. కానీ నేను ఆర్టీసీ కాదు, ప్రైవేటు కంపెనీ మనిషిని."

నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులుగా మార్చారు. ఆ రోజు అమ్మ కేసరి చేసి వీధంతా పంచింది. 2022లో తిరుమలకు ఈ కరెంటు బస్సులొచ్చాయి. పొగ లేదు, చప్పుడు లేదు, నాకూ ఇష్టమే. కానీ బస్సు కంపెనీది, డ్రైవరూ కంపెనీ మనిషే. అదే రోడ్డు, అవే మలుపులు, వెనక అంతమంది ప్రాణాలు. ఆ అబ్బాయి ఇంట్లో కేసరి ఎప్పుడు చేస్తారో అనిపించి మనసు బరువెక్కింది.

కొండ మీద దిగేటప్పుడు నాయన ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేసి అడిగాడు.

"పీఎఫ్ సరిగ్గా కడతుండారా అబ్బయ్యా?"