డ్రాప్స్ ఆపేశాను, ఫోన్లు మొదలయ్యాయి

తణుకు దగ్గర మా ఊళ్లో మూడొందల ఇళ్లకి నెట్ ఇస్తాను. కేబుల్ టీవీ రోజుల నుంచీ అవే స్తంభాలు, అవే గుమ్మాలు. రూటరు మైక్రోటిక్ కంపెనీది. కస్టమరు లాగిన్ అవగానే ప్యాకేజీని బట్టి రూటరే ఒక క్యూ పెట్టేస్తుంది, అంటే స్పీడు హద్దు దాటకుండా డేటాని వరసలో నిలబెడుతుంది. ప్యాకేజీ ప్రొఫైల్లో 10ఎం/50ఎం అని రాస్తాం, ఎం అంటే సెకనుకి మెగాబిట్లు. ముందున్న 10 కస్టమరు అప్‌లోడ్, లెక్క రూటరు వైపు నుంచి కదా, దానికి వచ్చేది ముందు, అది పంపేది తర్వాత. మొదట్లో అది తిరగేసి రాసి వారం రోజులు తిట్లు తిన్నాను, అది వేరే కథ.

మొన్న వేసవిలో ఖాళీగా కూర్చుని విన్‌బాక్స్ (రూటరు సెట్టింగులు చూసే సాఫ్ట్‌వేర్) చూస్తుంటే క్యూల్లో డ్రాప్స్ అంకె, అంటే పారేసిన ప్యాకెట్ల (డేటా ముక్కల) లెక్క, గిర్రున తిరుగుతోంది. ప్యాకెట్లు పారేస్తోందంటే కస్టమరుకి నష్టమే కదా అనుకుని, క్యూ సైజు 50 ప్యాకెట్లుంటే 500 చేశా. డ్రాప్స్ దాదాపు ఆగిపోయాయి. ఆ రాత్రి హాయిగా పడుకున్నా.

మర్నాటి నుంచి ఫోన్లు. ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పే టీచరు గారయితే, "స్పీడ్ టెస్టులో 49 చూపిస్తోంది బాబూ, నా మాటలేమో పిల్లలకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయట" అన్నారు. బాక్స్ మార్చా, కేబుల్ మార్చా. మూడోసారి వెళ్లి పింగ్ పెట్టి కూర్చున్నా, చిన్న ప్యాకెట్టు వెళ్లి తిరిగి రావడానికి ఎంత సేపు పడుతోందో చూద్దామని. 9 మిల్లీసెకన్లు. కాసేపటికి ఉన్నట్టుండి 610. అప్పుడే వాళ్లబ్బాయి లోపలికొచ్చాడు. ఫోను వైఫైకి తగిలింది. అన్నవరంలో తీసిన పెళ్లి ఫోటోలన్నీ బ్యాకప్‌కి ఎక్కుతున్నాయి!

ఇంటికొచ్చి కాగితం మీద లెక్కేశా. 500 ప్యాకెట్లు, ఒక్కోటి 1500 బైట్లు, అంటే 60 లక్షల బిట్లు. సెకనుకి 10 మెగాబిట్ల అప్‌లోడ్‌లో అవి కదలడానికి 0.6 సెకను. టీచరు గారి మాట ఆ ఫోటోలన్నిటి వెనకాల నిలబడుతోంది. పైగా ప్యాకెట్టు పోతేనే పంపేవాడికి తెలిసేది, జోరు తగ్గించాలని. ఆ కబురే వెళ్లకుండా నేను అడ్డం పడ్డాను.

మైక్రోటిక్ రూటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ రూటర్ఓఎస్ 7లో ఎఫ్‌క్యూ కోడెల్ అని ఒక క్యూ రకం ఉంది. ఫోటోలకో వరస, మాటకో వరస విడదీస్తుంది. వరసలో నిరీక్షణ 5 మిల్లీసెకన్లు దాటి 100 మిల్లీసెకన్ల పాటు అలాగే ఉంటే ప్యాకెట్లు పారెయ్యడం మొదలెడుతుంది. ప్రొఫైల్లో అది పెట్టా. కానీ అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్లకి పాత క్యూనే ఉంటుంది, మళ్లీ లాగిన్ అయితేనే కొత్తది. తెల్లవారుజామున మూడింటికి లేచి అందర్నీ ఒక్కసారి కట్ చేశా. ఆ టైములోనూ ఇద్దరు ఫోన్ చేశారు, ఏం చూస్తున్నారో మరి.

టీచరు గారింట్లో ఇప్పుడు ఫోటోలు ఎక్కుతుండగా పింగ్ 20 లోపే. డ్రాప్స్ అంకె మళ్లీ తిరుగుతోంది. విన్‌బాక్స్‌లో ఆ కాలమ్ కనపడకుండా తీసేశా.