శనివారం అమరావతి, ఆదివారం కొండపల్లి

లండన్‌లో మా పిల్లల బడికి వేసవి సెలవులు జూలై చివరి వారంలో గానీ మొదలుకావు. మేము గుంటూరు చేరేసరికి రోహిణీకార్తె ఎండలు ఎప్పుడో దాటిపోతాయి, కృష్ణకు కొత్తనీరు వస్తూ ఉంటుంది, ఇక్కడి బళ్ళు తెరిచి చాలా రోజులై ఉంటుంది. సెలవులు కలవకపోవడం వల్ల మా అన్నయ్య పిల్లలతో మా పిల్లలకు దొరికేది శని, ఆదివారాలు మాత్రమే. అందుకే బంధువుల ఇళ్ళలో భోజనాలు, మొక్కులు, పెళ్ళి పిలుపుల మధ్య నుంచి ఒక వారాంతాన్ని ముందే పక్కకు తీసి, దానిని కళలకూ చరిత్రకూ కేటాయించాలని నేను పట్టుబడతాను. మే నెలలో వచ్చేవారు ఇదే పని చేయాలనుకుంటే మధ్యాహ్నాలను పూర్తిగా వదులుకోవలసి ఉంటుంది. గుంటూరు ఎండలో పెద్దవాళ్ళే గడప దాటలేరు.

విదేశాల్లో పిల్లలను పెంచుతున్న మనం ఇలాంటి ప్రణాళిక వేసేటప్పుడు చాలావరకు ఒక భయంతో మొదలుపెడతాం. వీళ్ళకు మనదేదీ తెలియకుండా పోతోందన్న ఆ భయం కొద్దీ ఉండవల్లి, అమరావతి, కొండపల్లి, కూచిపూడి, దుర్గ గుడి, బాపు మ్యూజియం అన్నీ రెండు రోజులలో ఇరికిస్తాం, పిల్లలు కారు ఎక్కి దిగడంతోనే అలసిపోతారు. నేను కోరేది వేరు. పిల్లలు అక్కడ ఇప్పటికే చూసినది ఏమిటి, దాని మిగతా భాగం ఇక్కడ ఎక్కడ ఉంది అన్న ప్రశ్నతో మొదలుపెడితే, తమకు తెలిసినదాన్ని వెంట తెచ్చుకున్నవారిగా పిల్లలు ఆ స్థలంలో అడుగుపెడతారు. వాళ్ళను తెలియనివారిగా కూర్చోబెట్టి పాఠం చెప్పవలసిన అవసరం అప్పుడు ఉండదు.

మా పిల్లల విషయంలో ఆ మిగతా భాగం అమరావతి. బ్రిటిష్ మ్యూజియంలో గాజు గోడ వెనుక వరుసగా నిలబెట్టిన, అమరావతి బౌద్ధ స్తూపానికి చెందిన పలనాటి సున్నపురాయి ఫలకాలను వాళ్ళు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నారు. బుద్ధుని పాదాల ఫలకం, స్తూపం రూపాన్నే చెక్కిన ఫలకం వాళ్ళకు కంఠస్థం. బ్రాడీపేటలోని అమ్మమ్మగారింటి నుంచి ఆ ఫలకాలు పుట్టిన చోటికి లాం మీదుగా వెళ్తే గంటకు మించి పట్టదు. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు కనుక శనివారం మేలు. ఎండ ఎక్కకముందే స్తూపం దగ్గరకు వెళ్ళి, ఆ తరువాతే మ్యూజియంలోకి నడవాలి. స్తూపం ఉన్నచోట ఇప్పుడు కనిపించేది గడ్డి మొలిచిన తక్కువ ఎత్తు దిబ్బ, చుట్టూ నిలిపిన కొన్ని రాళ్ళు. అంతే చూసిన పిల్లలు నిరాశపడతారు. అందుకే లండన్ ఫలకం ఫోటో ఒకటి కాగితం మీద అచ్చు వేయించి చేతికి ఇస్తాను. దాదాపు 50 మీటర్ల వ్యాసం ఉన్న ఆ వలయం చుట్టూ నడుస్తూ, ఫోటోలోని ప్రాకారం ఎక్కడ ఉండేదో, ద్వారాలు ఎటు తెరుచుకునేవో వాళ్ళే వెతుక్కుంటారు, తమతో వచ్చిన బావకూ వదినకూ చూపిస్తారు. గుంటూరులో పుట్టి పెరిగిన ఆ పిల్లలు లండన్ ఫలకాలను చూడలేదు. అక్కడ మా పిల్లలు చెప్పేవారవుతారు, వీళ్ళు వినేవారవుతారు.

ఆ రాళ్ళు అక్కడికి ఎలా వెళ్ళాయన్న ప్రశ్న తప్పక వస్తుంది, దానికి సిద్ధపడి వెళ్ళాలి. కిందటేడాది మా మేనల్లుడు "దొంగిలించుకుపోయారు" అని ఒక్క మాటలో తేల్చేశాడు. లండన్ తన ఊరు కూడా కనుక మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. ఇటువంటి చోట తల్లిదండ్రులు ఎవరో ఒకరి పక్షాన త్వరపడి తీర్పు చెప్పకూడదని, ఉన్న చరిత్రను ఉన్నట్టుగా చెప్పాలని నా దృఢమైన అభిప్రాయం. 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు స్తూపం రాళ్ళు నిర్మాణాలకు తరలిపోయాయి. ఆ సంగతి విని 1797లో వచ్చి చూసిన ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ, 1816లో మళ్ళీ వచ్చి మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. మరెన్నో ఫలకాలు నేటికీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఇదంతా చెప్పినప్పుడు మా అమ్మ, "ఇక్కడ మిగిలినవాటిని మనవాళ్ళే సున్నం బట్టీలకు వేశారు కదరా నాన్నా, అది కూడా తెలుసుకోండి" అంది. అది నిజమే. అయితే మనవాళ్ళు పాడుచేసుకున్నారు కనుక తీసుకుపోవడం సబబే అయిందని పిల్లలకు అనిపించకూడదు. ఆ మాట కూడా అక్కడే చెప్పాను. "మరి తిరిగి ఇవ్వరా అమ్మమ్మా?" అని మా అబ్బాయి అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. రెండు ఊళ్ళూ తనవే అయిన పిల్లవాడు ఆ జవాబును తానే ఆలోచించుకోవడానికి హక్కుదారుడు.

మధ్యాహ్నం లోపు అమ్మ అమరేశ్వరుని దర్శనం చేసుకుంటుంది. పంచారామాలలో ఒకటైన ఆ గుడిలో లింగం ఎంత పొడవంటే, అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు; పిల్లలకు అది చూపించాలి. అక్కడితో శనివారం చాలు.

ఆదివారం ఉదయం ఉండవల్లి గుహల దగ్గర ఆగి, ఒకే కొండను తొలిచి మలిచిన అనంతశయనుణ్ణి చూసి, ప్రకాశం బ్యారేజీ మీదుగా బెజవాడ దాటుతాం. వరద వచ్చి 70 గేట్లలో కొన్ని ఎత్తి ఉంటే అక్కడ కాసేపు నిలబడకుండా ఎవరూ కదలరు. బాపు మ్యూజియం ఈసారి వద్దనుకున్నాను. కొండపల్లిలో తొందర లేకుండా కూర్చోవాలంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

సంక్రాంతికి లండన్ ఇంట్లో మేము పెట్టే బొమ్మల కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగు తొండం విరిగింది. మా అమ్మాయి దానిని పాత చున్నీలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది. కొత్త బొమ్మ కొనడానికి దుకాణానికి వెళ్ళడం కంటే, బొమ్మల కాలనీలో పని చేసేవారి ఇంటికి ముందే ఫోను చేసి, పాతదానిని బాగుచేయించడానికి వెళ్ళడమే పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది. తేలికైన తెల్లపొణికి కర్రను తేమ పోయేదాకా ఆరబెట్టడం, అవయవాలను విడివిడిగా చెక్కడం, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకడం, సున్నపు పూత ఆరాక రంగులు వేయడం, ఇవన్నీ ఆ ఒక్క తొండం కోసం వాళ్ళ కళ్ళ ముందు జరుగుతాయి. "బాబాయిగారూ, నేను రంగు వేయవచ్చా?" అని తెలుగులో అడగడాన్ని మా అమ్మాయి ఇప్పటి నుంచే సాధన చేస్తోంది. అడిగిన ధర బేరమాడకుండా ఇవ్వాలని పెద్దలకు నేను ముందే చెప్పి ఉంచాను.

కూచిపూడిని ఈ వారాంతంలో చేర్చమని ఇంట్లో అందరూ అడిగారు. మా అమ్మాయి లండన్‌లో ఆ నృత్యమే నేర్చుకుంటోంది కనుక నాకూ ఆశ ఉంది, కానీ సిద్ధేంద్ర యోగి పేరు చెప్పుకునే ఆ ఊరికి బెజవాడ నుంచి మరో దిక్కుగా చాలా దూరం వెళ్ళాలి, సాయంకాలపు చివరి గంటలో చుట్టి వచ్చే ఊరు కాదది. దానికి వేరుగా ఒక రోజు పెట్టాను. అది పనిదినం, మా అన్నయ్య పిల్లలకు బడి ఉంటుంది. అమ్మ, అమ్మాయి, నేను ముగ్గురమే వెళ్తాం.