వద్దన్నా విడగొట్టారు, అదే అమెరికాలో అయితే

బెజవాడలో నలుగురు కూర్చుంటే విభజన టాపిక్ రాకుండా ఉండదు కదా, మొన్న బందర్ రోడ్డులో టీ తాగుతుంటే మళ్ళీ అదే, అసెంబ్లీ వద్దన్నాక కూడా ఎట్లా చేశార్రా అని మా బాబాయి. 2014 జనవరిలో మన అసెంబ్లీ ఆ బిల్లుని తిప్పికొట్టిన మాట నిజమే కానీ రాజ్యాంగంలోని ఆర్టికల్ 3 ప్రకారం ఢిల్లీ వాళ్ళు అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, వినాలని రూలేం లేదు.

అమెరికాలో ఇది కుదరదు. ఒక స్టేట్‌ని చీల్చాలంటే కాంగ్రెస్‌తో (అంటే అక్కడి పార్లమెంటుతో) పాటు ఆ స్టేట్ లెజిస్లేచర్ కూడా ఒప్పుకుని తీరాలి, రాజ్యాంగంలోనే ఉంది. మసాచుసెట్స్ సరే అన్నాకే 1820లో దాన్లోంచి మెయిన్ అనే ప్రాంతం విడిగా స్టేట్ అయింది. (వెస్ట్ వర్జీనియా సంగతి అడక్కండి, వర్జీనియాని చీల్చి చేసిందే అది, సివిల్ వార్ టైంలో యూనియన్ (దేశం చీలకూడదనే కేంద్రం) వైపు ఉన్నోళ్ళు వీలింగ్ అనే ఊళ్ళో కూర్చుని అసలు వర్జీనియా ప్రభుత్వం మేమే అని చెప్పి వాళ్ళే ఒప్పేసుకున్నారు, మనోళ్ళకేం తీసిపోలేదు.)

రాజ్యాంగ సవరణలూ అంతే. కాంగ్రెస్ రెండు సభల్లో మూడింట రెండొంతులు ఓకే అన్నా పని అవదు, 50 స్టేట్లలో 38 ఒప్పుకోవాలి, ప్రెసిడెంట్ సంతకంతో అసలు పనే లేదు. మనకేమో సగం రాష్ట్రాలు చాలు, అదీ జీఎస్టీ లాంటి కొన్నిటికే.

ఆడవాళ్ళ ఓటు హక్కు సవరణకి 1920లో ఇంకొక్క స్టేట్ కావాల్సొచ్చి అంతా టెనెసీ మీద పడ్డారు. అక్కడ హ్యారీ బర్న్ అని 24 ఏళ్ళ కుర్ర మెంబరు, వ్యతిరేకులు పెట్టుకునే ఎర్ర గులాబీ కోటుకి పెట్టుకునే వచ్చాడు, జేబులో మాత్రం ఓటేసేయ్ రా అని వాళ్ళమ్మ రాసిన ఉత్తరం. సభ సరిసమానంగా చీలిపోయి ఉంటే ఠక్కున అవును అనేశాడు, సవరణ గట్టెక్కింది. మన ఎమ్మెల్యే ఒక్కడి ఓటుకి అంత విలువ ఎప్పుడైనా వచ్చిందా?

కాకపోతే 13 స్టేట్లు కదలకపోతే దేశం మొత్తం ఆగిపోద్ది. ఆడా మగా సమానం అనే సవరణ 1972లో కాంగ్రెస్ దాటింది, 1982 గడువు నాటికి 35 దగ్గరే ఇరుక్కుపోయింది. అంత మొండితనం మనకి వద్దు, మనలాంటి దేశం నడవదు దాంతో. సరిహద్దులు మార్చేటప్పుడు మాత్రం ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి అనే ఒక్క రూలు మన ఆర్టికల్ 3లోనూ ఉండాల్సింది.