మూడేళ్లు ముందొచ్చిన గవర్నరు

శాక్రమెంటో ప్రాంతంలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లం వేసవి వస్తే తాహో సరస్సుకు వెళ్తుంటాం గానీ, కాలిఫోర్నియా శాసనసభ 1870లో దానికి బిగ్లర్ సరస్సు అని చట్టం చేసి మరీ పేరు పెట్టిందనీ, ఆ చట్టం 1945 దాకా కొనసాగిందనీ మాలో చాలామందికి తెలియదు. ఆ పేరు ఈ రాష్ట్రానికి మూడో గవర్నరైన జాన్ బిగ్లర్‌ది.

పెన్సిల్వేనియాలో అచ్చుపని నేర్చి, పత్రిక నడిపి, న్యాయశాస్త్రం చదివి, ఇల్లినాయిలో వకీలుగా ఉన్న బిగ్లర్, 1849లో బంగారం కోసం పడమటికి కదిలిన జనంలో కలిసి భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని ఎడ్లబండి మీద శాక్రమెంటో చేరాడు. ఇక్కడ వకీలుకు పని లేదు. నది ఒడ్డున పడవల నుంచి సరుకు దించాడు, కట్టెలు కొట్టాడు, వేలంపాటలు నడిపాడు. ఇంటి దగ్గర పెద్ద చదువులు చదివి, ఇక్కడికొచ్చి మొదట పెట్రోలు బంకులో రాత్రి కాపలా ఉన్న మనవాళ్లను ఎరిగినవారికి ఇది కొత్త కథ కాదు. బిగ్లర్ ఆ 1849లోనే తొలి శాసనసభకు ఎన్నికై, తర్వాత స్పీకరై, 1852 జనవరిలో గవర్నరు పదవి చేపట్టాడు.

ఏప్రిల్‌లో అతడు శాసనసభకు పంపిన ప్రత్యేక సందేశం చైనీయుల వలసను అడ్డుకోవాలని కోరింది. వారు తక్కువ కూలికి ఒప్పందాల మీద వస్తారు, ఇక్కడి బంగారం తమ దేశానికి పట్టుకుపోతారు, స్థిరపడరు అన్నవి అతని అభ్యంతరాలు. కంపెనీ పేరూ వీసా పేరూ మార్చి ఇవే మాటలు ఇప్పుడు మా గురించీ వింటుంటాం. విదేశీ గనికార్మికుల మీద నెలకు 3 డాలర్ల పన్ను ఆ ఏడాదే వచ్చింది, మరుసటి ఏడాది 4 డాలర్లయింది. వలసను అడ్డుకోమన్న ఆ గవర్నరు స్వయంగా కాలిఫోర్నియాకు వచ్చి అప్పటికి మూడేళ్లు నిండలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీయ వర్తకుడు నార్మన్ అసింగ్ మే నెలలో పత్రికాముఖంగా జవాబిచ్చాడు. తాను చార్లెస్టన్‌లో పౌరసత్వం పొందిన క్రైస్తవుడినని చెప్పుకుని, వలసలే లేకపోతే ఈ దేశం ఎక్కడుండేదని గవర్నరునే నిలదీశాడు. ధైర్యమైన ఉత్తరమే. అయితే ఆఫ్రికన్లతో, ఇక్కడి ఆదివాసులతో గవర్నరుకు ఎంత సంబంధమో తమకూ అంతేనని, వారికి దూరం జరుగుతూ కూడా అందులోనే వాదించాడు, అది నాకు మింగుడుపడదు. గ్రీన్‌కార్డు చేతికి రాగానే, కొత్తగా వచ్చే కుర్రాళ్ల వల్ల మన పరువు పోతోందని విసుక్కునే పెద్దమనుషులు మా విందుల్లోనూ కనిపిస్తారు.

బిగ్లర్ 1855లో మూడోసారి పోటీచేసి ఓడాడు, కొన్నాళ్లు చిలీలో అమెరికా రాయబారిగా ఉన్నాడు. 1867లో సెంట్రల్ పసిఫిక్ రైల్వే నిర్మాణాన్ని తనిఖీ చేసే సమాఖ్య కమిషనరుగా అతన్ని నియమించారు. అప్పటికి ఆ దారిపై పనిచేస్తున్న కూలీల్లో అత్యధికులు చైనీయులే.