అమ్మతో వల్దెమోసా, బస్సులో వెళ్ళొచ్చాం

మేముండేది జర్మనీలో, అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది కదా అని స్పెయిన్ వాళ్ళ దీవి మయోర్కా తీసుకెళ్ళా. అందరూ బీచ్ బీచ్ అంటారు కానీ అమ్మకి ఎండలో ఇసుకలో కూర్చోవడం ఏం సరదానో ఎప్పటికీ అర్థం కాదు, అందుకే కొండల్లో ఉన్న వల్దెమోసా ఊరు పెట్టుకున్నాం.

కారు అద్దెకి తీసుకోలేదు, ఆ ఘాట్ రోడ్డు మలుపులు నా వల్ల కాదు. దీవి ముఖ్యపట్టణం పాల్మాలో ప్లాసా ఎస్పాన్యా అనే కూడలి కింద అండర్‌గ్రౌండ్‌లో బస్టాండ్ ఉంది, అక్కడ 203 నంబర్ ఎక్కాలి. అరగంట జర్నీ. కార్డ్ ఎక్కేటప్పుడు ట్యాప్ చేయాలి, దిగేటప్పుడూ చేయాలి. నేను ఎక్కేటప్పుడు చేసి దిగేటప్పుడు మర్చిపోయి కిందికి దూకేస్తుంటే అమ్మ వెనకనుంచి "ఒరేయ్, అందరూ మళ్ళీ పెడుతున్నారు చూడు" అని అరిచింది. స్పానిష్ రాకపోయినా గమనించేది ఆవిడే.

దారంతా రాళ్ళు పేర్చి కట్టిన మెట్ల పొలాలు, వాటిలో మెలికలు తిరిగిన ఆలివ్ చెట్లు. త్రమున్తానా కొండలు ఇవి, 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులో చేరాయి. సిమెంటే లేకుండా ఒట్టి రాళ్ళతో కట్టారని చెప్తే అమ్మ నమ్మలేదు.

ఊళ్ళో మెయిన్ అట్రాక్షన్ కార్తూహా అనే పాత మఠం. 1399లో రాజు తన ప్యాలెస్‌నే సన్యాసులకి ఇచ్చేశాడు, 1835లో ప్రభుత్వం వాళ్ళని ఖాళీ చేయించింది, అలా ఖాళీ అయిన గదుల్లోనే 1838-39 చలికాలంలో పియానో సంగీతకారుడు షోపాన్, రచయిత్రి జార్జ్ శాండ్ అద్దెకున్నారు. సన్యాసి గది అంటే ఇరుకు కొట్టు అనుకున్నా, తీరా చూస్తే ఒక్కొక్కరిదీ మూడు గదుల ఇల్లులా ఉంది, ముందు తోట, తోట గోడ దగ్గర నిలబడితే లోయంతా కనిపిస్తుంది. షోపాన్ ఉన్న 4వ నంబర్ గదికి టికెట్ వేరే, అది ముందే చూసుకోండి. ఆయన ప్యారిస్ నుంచి తెప్పించుకున్న ప్లెయెల్ కంపెనీ పియానో కస్టమ్స్‌లో ఇరుక్కుని జనవరిలో గానీ చేతికి రాలేదట, ఫిబ్రవరిలో వీళ్ళు వెళ్ళిపోయారు! అమ్మకి పియానో కన్నా సన్యాసుల మందుల కొట్టు తెగ నచ్చింది, ఆ జాడీలు చూసి "మన ఆయుర్వేదం షాపే" అంది.

బయట సందుల్లో రాళ్ళు పరిచిన బాటలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టమే, చెప్పులు గట్టివి వేసుకోవాలి. దాదాపు ప్రతి గుమ్మం పక్కనా ఒక రంగుల టైల్, ఈ ఊళ్ళోనే 1531లో పుట్టిన సెయింట్ కతలీనా తొమాస్ బొమ్మలు. "మా కోసం ప్రార్థించు" అని రాసుంటుంది. అమ్మ నాలుగైదింటికి దణ్ణం పెట్టేసింది, నేనేమీ అనలేదు.

తిండి దగ్గరే అసలు పేచీ. ఇక్కడి ఫేమస్ చుట్ట బన్ ఎన్సైమదా పేరులోనే సైమ్ ఉంది, అంటే పంది కొవ్వు. ఈ ఊరి స్పెషల్ బంగాళాదుంప బన్‌లో కూడా వేస్తారేమో అని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి అడిగితే, అమ్మాయి నవ్వుతూ తలూపింది. వేస్తారనో వెయ్యరనో తెలీలా. అమ్మ ఇంక ఆలోచించకుండా బ్యాగ్ లోంచి పులిహోర డబ్బా తీసింది, పొద్దున నేను వద్దంటే వద్దని గొడవపడ్డ డబ్బానే. మఠం ముందు బెంచీ మీద కూర్చుని తినేశాం, మొత్తం నేనే ఎక్కువ తిన్నా.